14 నెలలు, 4,000 కిలోమీటర్లు: ఇంజిన్ ఆయిల్ మార్చాలా, ఆగొచ్చా?

అనంత టీచరమ్మ

మాది అనంతపురం. రెండేళ్ల కిందట పాత వ్యాగనార్ తీసుకున్నాం, పెట్రోలుది. ఇంటి నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు, మళ్లీ నాలుగు. నెలకోసారి తాడిపత్రిలో అత్తగారింటికి పోయొస్తాం. అంతే దాని తిరుగుడు. పోయినసారి ఆయిల్ మార్చి 14 నెలలైంది, మీటరు చూస్తే అప్పటి నుంచి 4,000 దగ్గరే తిరిగింది.

బండి బుక్కులో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంది. మేం చూపించే షెడ్డాయన 5,000కే మార్చాలంటాడు. పైగా "మన ఎండలకు ఈ పల్చటి ఆయిల్ ఆగదు మేడం, చిక్కటిది, 20డబ్ల్యూ-50 పోద్దాం" అంటాడు. మా ఆయనేమో బండి తిరగనే లేదు, ఆయిల్ ఎట్లా పాడవుతుంది, డబ్బాలో ఉన్నట్టే కదా అంటారు. గేజి కడ్డీ తీసి చూస్తే నల్లగా ఉంది. అది చూసినప్పటి నుంచి టెన్షన్. ఎవరి మాట వినాలి?

కర్నూలు డిజైర్

అక్కా, నలుపు చూసి భయపడొద్దు. నాది డీజిల్ డిజైర్, కర్నూలు-హైదరాబాద్ ట్రిప్పులు. కొత్త ఆయిల్ పోసిన రెండో రోజుకే కాటుకలా అవుతుంది. నెలకు 6,000 దాకా తిరుగుతా, 10,000కు అటూఇటూగా మారుస్తా, ఇప్పటిదాకా ఇంజిన్ విప్పలేదు. మీది ఇంకా 4,000 కదా. సార్ చెప్పిందే కరెక్టు, ఇంకో ఏడాది లాగించండి.

కడప షెడ్డు పెద్దాయన

తమ్ముడూ, నీ లైన్ బండితో మేడం బండిని పోల్చొద్దు. కడపలో 27 ఏళ్లుగా బండ్ల కింద పడుకుంటున్నా. హైవేలో తిరిగిన బండి ఆయిల్ కంటే, ఊళ్లో కూరగాయలకు తిరిగిన బండి ఆయిలే ముందు చెడిపోతుంది.

మేడం, పెట్రోలు మండితే నీళ్లు కూడా పుడతాయి. పొద్దున్నే సైలెన్సరు నుంచి చుక్కలు పడేది చూసే ఉంటారు. ఆ తేమా, మండకుండా మిగిలిన పెట్రోలూ కొంచెం కొంచెంగా పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతాయి. బండి గంటసేపు నడిస్తే ఆయిల్ బాగా కాగి అవి ఆవిరైపోతాయి. నాలుగు కిలోమీటర్లకు ఆయిల్ సరిగా కాగే లోపే మీ బడి వచ్చేస్తుంది. నెలకోసారి తాడిపత్రికి పోతున్నారు చూడండి, అదే మీ ఇంజిన్‌ను కాపాడుతోంది. మీ అత్తగారికి దండం పెట్టుకోండి.

డబ్బా మాటకొస్తే, సీలున్న డబ్బాలోకి పెట్రోలూ తేమా రావు. ఇంజిన్‌లోకి వస్తాయి. అందుకే బుక్కులో ఏడాది అని రాశారు. మీది ఇప్పటికే రెండు నెలలు దాటింది, ఈ వారంలోనే మార్చేయండి.

షెడ్డాయన 5,000 అన్నది తప్పేం కాదు. దుమ్ము, చిన్న దూరాలు, ట్రాఫిక్‌లో ఆన్‌లో పెట్టి నిలబడటం, ఇలాంటి వాడకానికి ముందే మార్చమని బుక్కుల్లోనే వేరేగా రాస్తారు. అయినా మీకు ఆ గొడవ అక్కర్లేదు. మీ తిరుగుడుకు 5,000 అయ్యే లోపే ఏడాది వచ్చేస్తుంది. పుట్టినరోజులా ఒక తేదీ పెట్టుకోండి చాలు.

చిక్కటి ఆయిల్ మాట మాత్రం వినొద్దు. పల్చటి ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి, ఆ 30 అనేది 100 డిగ్రీల వేడిలో కొలిచిన చిక్కదనం. బయట అనంతపురంలో 42 ఉన్నా, ఊటీలో 15 ఉన్నా, కూలెంటూ థర్మోస్టాటూ కలిసి ఇంజిన్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతాయి. డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనం, అందుకే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 20డబ్ల్యూ ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా కొంత పోతుంది. బుక్కులో ఏ గ్రేడు ఉంటే అదే పోయించండి. నలుపంటారా, మసిని తనలో పట్టుకుని ఇంజిన్‌కు అంటకుండా చూడటం ఆయిల్ పనే. రంగు కాదు, వాసన చూడండి. పెట్రోలు కంపు కొట్టినా, గేజిలో ఆయిల్ తగ్గకపోగా పెరిగినట్టున్నా అప్పుడు అనుమానపడాలి. మజ్జిగలా తెల్లగా కనిపిస్తే మాత్రం బండి తీయకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇక ఫిల్టరు. రెండు వందల లోపు సరుకు, అయినా మిగిల్చుకునేవాళ్లు ఉన్నారు మా వాళ్లలో. పాత ఫిల్టరు మూసుకుపోతే లోపలి వాల్వు తెరుచుకుని, మురికి ఆయిల్ వడకట్టకుండానే ఇంజిన్‌లోకి పోతుంది. ప్రతిసారీ ఆయిల్‌తోపాటే మార్చాలి. డ్రెయిన్ బోల్టు కింద వాషరు కూడా కొత్తది వేయించండి. దగ్గరుండి, పాత ఫిల్టరు చేతికి ఇవ్వమని అడగండి. తాడిపత్రి దారిలో బండల దుమ్ము ఎక్కువ, ఎయిర్ ఫిల్టరు కూడా ఒకసారి విప్పి చూడమనండి.

కర్నూలు డిజైర్

పెద్దాయనా, ఒప్పుకున్నా. మా ఇంట్లో నాన్న స్కూటీ ఉంది, వారానికి రెండుసార్లు రైతుబజారుకు. దానికి ఆయిల్ మార్చి మూడేళ్లు. రేపే చూపిస్తా.

అనంత టీచరమ్మ

నిన్న ఆదివారం వేరే షెడ్డులో మార్పించాను. పెద్దాయన చెప్పినట్టు ర్యాంపు పక్కనే నిలబడ్డాను. అక్కడి పిల్లాడు "మేడం, ఎండలో ఎందుకు, లోపల కూర్చోండి" అని మూడుసార్లు అన్నాడు, కదల్లేదు. ఆయిల్ మూడు లీటర్లు అటూఇటూగా పట్టింది. అయ్యాక ఐదు నిమిషాలు ఆగి, చదునుగా ఉన్నచోట గేజి తుడిచి నేనే చూసుకున్నాను. పై గీతకు కొంచెం కిందుంది.

అసలు విషయం ఫిల్టరు. పాతది చేతికిచ్చారు. దాని మీద మార్కర్‌తో 2022 అని రాసి ఉంది. అది బండి మాకమ్మినాయన రాత, సర్వీసు పుస్తకంలో కూడా అదే చేతిరాత. 14 నెలల కిందట మా పాత షెడ్డులో ఇచ్చిన బిల్లు ఇంట్లో ఉంది, అందులో ఫిల్టరుకు డబ్బులు వేశారు. మా ఆయనకు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మార్కర్ ఉందా ఇంట్లో?" అన్నారు. కొత్త ఫిల్టరు మీద తేదీ నిన్ననే రాసేశానని చెప్పాను.