నాయన హెరాల్డ్ ఏ ఏడాదిది? ఆర్‌సీలో 1970, అమ్మ మాటలో 1966

పెరంబూరు_హెరాల్డ్:

అందరికీ నమస్కారం. మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. సొంతూరు నెల్లూరు. ఇంటి వెనక షెడ్డులో మా నాయన బండి ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు, రెండు తలుపులది, తెల్లరంగు. నాయన నెల్లూరు ట్రంకు రోడ్డులో డాక్టరుగా ప్రాక్టీసు చేసి, 1970లో కుటుంబంతో మద్రాసు వచ్చేశారు. ఆయన పోయి పదకొండేళ్లు. బండిని నేనే చూసుకుంటున్నా. నెలకోసారి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెస్తాను.

2015 డిసెంబరు వరదల్లో బీరువా కింది అరలో ఉన్న కాగితాలన్నీ ముద్దైపోయాయి. అసలు ఆర్‌సీ బుక్కు అందులోనే పోయింది. తర్వాత డూప్లికేట్ తీసుకున్నాం. అందులో రిజిస్ట్రేషన్ 1970 జూన్ అని ఉంది, తయారైన సంవత్సరం గడిలోనూ 1970 అనే వేశారు.

అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆమెకు ఎనభై దాటాయి, కానీ ఈ ఒక్క విషయంలో మాట మార్చదు. "మీ అన్న అప్పటికి చంకబిడ్డ. శాస్త్రి గారు తాష్కెంటులో పోయారని రేడియోలో చెప్పారే, ఆ వారమే బండి నెల్లూరు వచ్చింది. ఊరంతా దిగులుగా ఉందని మీ నాయన గేటు దగ్గర హారన్ కూడా కొట్టలేదు. నేనే చప్పుడు విని బయటికొచ్చా" అంటుంది. శాస్త్రి గారు పోయింది 1966 జనవరి 11న. అంటే సంక్రాంతి ముందు.

ఆధారం అంటూ ఉన్నది ఒక్క ఫోటో. అన్నను బానెట్ మీద కూర్చోబెట్టి తీశారు. వాడికి ఏడాది నిండినట్టుంది. నెంబరు ప్లేటు మీద ఏపీ అని మొదటి రెండు అక్షరాలు కనిపిస్తాయి, మిగతాది వాడి కాలు అడ్డం. ఇప్పుడున్నది మద్రాసు నెంబరు. బానెట్ కింద కంపెనీ ప్లేటు ఉంది గానీ దాని మీద వరుస నెంబరే తప్ప సంవత్సరం లేదు.

బండి నిజంగా ఎప్పుడు తయారైందో తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. 1970 అని ఉన్న కాగితం చూసినప్పుడల్లా, నాయన ఆ బండిలో నెల్లూరు పల్లెలు తిరిగి వైద్యం చేసిన నాలుగేళ్లూ ఎవరో కొట్టేసినట్టుంటుంది నాకు.

అన్నానగర్_లాయరు:

అమ్మా, మీ ఫోటోలోనే సగం జవాబుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రానికి తెచ్చి ఏడాదికి మించి వాడితే కొత్త నెంబరు తీసుకోవాలి. అప్పుడూ అదే పద్ధతి, ఇప్పుడూ అదే. 1970 జూన్ మీ బండికి మద్రాసు నెంబరు పడిన తేదీ అయి ఉండాలి. డూప్లికేట్ ఇచ్చేటప్పుడు ముందు చరిత్ర చూడకుండా ఆ తేదీనే మొదటి రిజిస్ట్రేషన్‌గా ఎక్కించినట్టున్నారు.

రెండు చోట్ల అడగండి. ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో పాత రిజిస్టరు నకలు అడిగితే, బదిలీ మీద వచ్చిన బండి కాబట్టి పాత నెంబరు అందులో రాసి ఉండాలి. ఆ నెంబరు దొరికాక నెల్లూరులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకో మాట. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే వింటేజ్ కింద లెక్క. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నెంబరే ఉంచుకోవచ్చు. మీది 1966 అయినా 1970 అయినా 50 దాటింది, చట్టం దృష్టిలో మీకొచ్చే నష్టం ఏమీ లేదు.

పెరంబూరు_హెరాల్డ్:

చాలా థాంక్స్ అండీ. బదిలీ సంగతి నాకు తట్టనే లేదు. నష్టం లేదని తెలిసి ఊరట కలిగింది, కానీ తేదీ మాత్రం నాకు కావాలి. అమ్మ ఉండగానే కావాలి.

పుదుపేట_మెకానిక్:

అక్కా, నేను ముప్పై ఏళ్లుగా పాత బండ్ల పనే చేస్తున్నా. హెరాల్డ్‌లు చాలానే చూశా. రెండు తలుపుల బండికి 1970 అనగానే నాకు అనుమానం వచ్చింది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లాండులో ఎప్పుడూ రాలేదు, మన వండలూరు ఫ్యాక్టరీలోనే చేశారు, అదీ అరవైల రెండో సగంలో. ఆ తర్వాత గజెల్ అనే మోడల్ వచ్చింది. మీది నాలుగు తలుపులది రాకముందు కాలం బండిలా ఉంది.

కాగితాలు అడుగుతూనే బండిని కూడా అడగండి. ఎలాగంటే, బండి మీద సంవత్సరం లేకపోయినా దాని సామాన్ల మీద ఉంటుంది. డైనమో (బ్యాటరీ చార్జ్ చేసేది), సెల్ఫ్ మోటార్ (ఇంజన్ స్టార్ట్ చేసేది), డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది), వైపర్ మోటార్, ఈ నాలుగూ లూకాస్ అనే కంపెనీ సామాన్లు. మన చెన్నై పాడిలో లూకాస్ టీవీఎస్ 1961లో పెట్టారు కదా, మీ బండిలోవి ఆ కంపెనీవే అయ్యుంటాయి. వాటి ఒంటి మీద పార్ట్ నెంబరు కాక విడిగా రెండు చిన్న అంకెల జతలు గుద్ది ఉంటాయి. రెండో జత సంవత్సరం. మొదటిది నెలో వారమో అయ్యుంటుంది.

ఎమరీ కాగితం మాత్రం పెట్టకండి, అక్షరాలు పోతాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా జిడ్డు తీసి, ఆరాక చాక్‌పీసు రుద్దండి. గుంటల్లో తెలుపు నిలుస్తుంది. టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా వేయండి. హెరాల్డ్‌కు ముందుభాగం మడ్‌గార్డులతో సహా మొత్తం లేస్తుంది కాబట్టి మీ పని సులువు. ఇదే అంబాసిడర్ అయితే నడుం విరిగేది.

ఇక లెక్క ఎలా చూడాలంటే, 1965లో చేసిన మోటారు 1964 బండిలో ఫ్యాక్టరీలో ఎక్కదు కదా. బండితో పాటు వచ్చిన సామాన్లలో అన్నిటికన్నా కొత్త తేదీ ఏదో, బండి దాని తర్వాతే తయారైంది. చిక్కేమిటంటే మధ్యలో మార్చిన సామాను కూడా తేదీ చెబుతుంది, అది తప్పుదారి పట్టిస్తుంది. డైనమో, సెల్ఫ్ కాలిపోతుంటాయి, మారుస్తుంటారు. వైపర్ మోటారు జోలికి ఎవరూ పోరు. నన్నడిగితే దాని మాటే ఎక్కువ నమ్ముతా. ఒకటి చూసి తేల్చకండి, రెండు మూడు దగ్గర దగ్గరగా కలిస్తేనే నమ్మండి.

మల్లేశ్వరం_మైనర్:

బెంగళూరు నుంచి నాదొక అనుభవం. మా తాతగారి మారిస్ మైనర్ కారు నా దగ్గరుంది. ముందు అద్దం రెండు ముక్కలది, అంటే 1956 అక్టోబరుకు ముందుది. ఆ అక్టోబరులో వచ్చిన మైనర్ 1000 మోడల్‌కు ఒకటే అద్దం. కానీ లోపల ఉన్నదేమో 948 సీసీ ఇంజన్, మైనర్ 1000తో వచ్చినది. ఇంజన్ చూసి నేను చాలాకాలం తికమకపడ్డాను. చివరికి తేలిందేమిటంటే, బండి పాతది, ఇంజన్ తర్వాత వేయించినది. అందుకే ఇంజన్ నెంబరు మీద అంచనా కట్టకండి. (మీ హెరాల్డ్‌దీ 948 సీసీయే, కానీ ఆ ఇంజన్ వేరు, ఈ ఇంజన్ వేరు. అంకె చూసి సామాన్లు కొనేవారు ఉన్నారు కాబట్టి చెబుతున్నా.)

నాది ఇంగ్లాండులో తయారైన బండి కనుక ఛాసిస్ నెంబరు రాసి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ట్రస్టుకు పంపాను. వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ రిజిస్టర్లు ఉన్నాయి. బండి ఏ రోజున తయారైంది, ఏ రంగులో ఏ దేశానికి పంపారు అన్నీ సర్టిఫికెట్టులో వచ్చాయి. తయారైన రోజుకీ ఇక్కడ నెంబరు పడిన రోజుకీ మధ్య పది నెలలు! ఓడ ఎక్కి, దిగి, షోరూములో నిలబడి, ఆ తర్వాత తాతగారి చేతికి. కాబట్టి ఆర్‌సీ తేదీ సరిచేయించినా, తయారైన తేదీ దానికి ఇంకొంత వెనక ఉంటుంది. మీ బండి రంగు కూడా ఒకసారి చూసుకోండి, అసలుదేనా అని. నాకూ ఒక ఆనవాలు అలాగే దొరికింది.

పెరంబూరు_హెరాల్డ్:

నిన్న ఆదివారం కూర్చున్నాం. పక్కింటి కుర్రాడు టార్చి పట్టాడు, నేను చాక్‌పీసు పట్టాను. రాసుకున్నవి ఇవి: సెల్ఫ్ మోటారు మీద 10 65. వైపర్ మోటారు మీద 34 65. డైనమో మీద 21 72. డిస్ట్రిబ్యూటర్ మీద అరిగిపోయింది, ఏమీ తెలియలేదు.

డైనమో సంగతి అమ్మను అడగ్గానే చెప్పేసింది. తిండివనం దాటాక రాత్రి లైట్లు డిమ్మయిపోయి, ఒక లారీ వెనకాలే నెమ్మదిగా ఊళ్లోకి వచ్చి పడ్డారట. మర్నాడు కొత్తది వేయించారు. నాకప్పుడు మూడేళ్లు.

10 అంటే అక్టోబరా? 34 అంటే ఏమిటి?

మల్లేశ్వరం_మైనర్ గారూ, మీరన్నారని డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూశా. గ్లవ్‌బాక్సు విప్పితే దాని వెనక రేకు లేతనీలం. గీరాల్సిన పనే లేదు, తెలుపు అక్కడిదాకా పోలేదు. అమ్మ ఎప్పుడూ "నీలం బండి, నీలం బండి" అనేది. వయసు మీద పడి ఇంకెవరి బండో అనుకుంటోందని మేమే సర్దిచెప్పేవాళ్లం. నిన్న ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

పుదుపేట_మెకానిక్:

అక్కా, 34 అనే నెల లేదు. కాబట్టి మీ సామాన్ల మీదున్నవి వారాలు. ఇక 10ని కూడా వారంగానే చదవాలి. సెల్ఫ్ 1965 మార్చిది, వైపర్ మోటారు ఆగస్టు ఆఖరుది. డైనమోను లెక్కలోంచి తీసేయండి, దాని కథ అమ్మగారే చెప్పేశారు.

బండి 1965 ఆగస్టు ఆఖరుకు ముందు తయారు కాలేదు. అమ్మగారి మాట ప్రకారం జనవరి రెండో వారానికి నెల్లూరులో ఉంది. మధ్యలో ఉన్నది నాలుగున్నర నెలలు. ఆ కాలంలో కారు కోసం జనం కాచుక్కూర్చునేవాళ్లు, ఫ్యాక్టరీలో ఊరికే నిలబెట్టి ఉంచరు. సెల్ఫ్, వైపర్ రెండూ 65వే అయినప్పుడు నేనైతే 1965 చివరి మూడు నెలలు అంటాను. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

పెరంబూరు_హెరాల్డ్:

చెప్పాను. ఇక్కడి ఆఫీసులో పాత రిజిస్టరు నకలుకు దరఖాస్తు ఈ ఉదయమే ఇచ్చి వచ్చా. నెల్లూరు నెంబరు దొరకగానే అక్కడికీ పంపిస్తా, ఏం వచ్చిందో ఇక్కడే రాస్తా.

ఇంకొక్క సాయం. "మళ్లీ నీలమే వేయిస్తావా?" అని అడిగింది అమ్మ. వేయిస్తానన్నా. ఆ నీలాన్ని సరిగ్గా పట్టుకోవడం ఎలా?

పుదుపేట_మెకానిక్:

గ్లవ్‌బాక్సు వెనకది ఎండ తగలని రంగు, అదే అసలు షేడు. అరచేతంత మేర మెత్తటి గుడ్డతో పాలిష్ పట్టి, పెయింటు కలిపేవాణ్ణి బండి దగ్గరికే పిలిపించండి. ఫోన్ ఫోటో చూపిస్తే మాత్రం కలపనివ్వకండి, షేడు మారిపోతుంది. ముందు చిన్న రేకు ముక్క మీద వేయించి, ఆరాక పగటి వెలుతురులో అమ్మగారికి చూపించండి. ఆవిడ సరే అన్నాకే బండి మీద స్ప్రే గన్ను పెట్టనివ్వండి.