ప్రోబయోటిక్ సాషేలు రోజూ వేస్తే ఇమ్యూనిటీ పెరుగుతుందా?

ప్రశ్న:
మా బాబుకి నాలుగేళ్లండి. పోయిన వారం చెవిపోటుకి యాంటీబయాటిక్ వాడితే విరేచనాలు పట్టుకున్నాయి, డాక్టర్ గారు ప్రోబయోటిక్ సాషేలు (మంచి బ్యాక్టీరియా ఉండే పొడి ప్యాకెట్లు) రాశారు, తగ్గింది. ఇప్పుడు మెడికల్ షాపు అబ్బాయి ఇవి రోజూ వేయండి మేడమ్ ఇమ్యూనిటీ పెరుగుతుంది జలుబులు రావు అంటున్నాడు, మా అత్తయ్యేమో రోజూ పెరుగన్నం తింటున్నాడుగా ఇంకెందుకు అంటున్నారు. అసలు కడుపులో బ్యాక్టీరియాకి జలుబుకి సంబంధం ఏంటి?

జవాబు 1 (మైక్రోబయాలజీ చదువుతున్నా):
సంబంధం ఉందండి. పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క కణం, దాని వెనకాలే ఇమ్యూన్ కణాలు గుంపులుగా ఉంటాయి. వాటిలో డెండ్రైటిక్ కణాలని ఉన్నాయి, అవి బ్యాక్టీరియా ముక్కల్ని పట్టుకెళ్లి టీ కణాలకి (ఇమ్యూనిటీని నడిపించే తెల్లకణాలు) చూపిస్తాయి, దాన్నిబట్టి ఐజీఏ యాంటీబాడీలు తయారై పేగు జిగురులో చేరి క్రిముల్ని గోడకి అంటుకోనివ్వవు. ఇంకోటి, మనం తిన్న పీచుని పేగు బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి, దాంతో రెగ్యులేటరీ టీ కణాలు పెరిగి అనవసరమైన వాపుని అణుస్తాయి. అందుకే "ఇమ్యూనిటీ పెరుగుతుంది" అనే మాట నాకు నచ్చదు, ఊరికే రెచ్చిపోయే ఇమ్యూనిటీ వల్లే కదా అలర్జీలు. జలుబుల మీద కాస్త ఫలితం చూపిన స్టడీలు ఉన్నాయి గానీ ఆధారం అంత గట్టిది కాదు. పెరుగు మంచిదే, మానొద్దు, కాకపోతే తోడులో ఏ రకం బ్యాక్టీరియా ఉందో ఇంటింటికీ మారుతుంది.

జవాబు 2 (నర్సుని, శ్రీకాకుళం):
రకమే ముఖ్యం అండి. మన పక్కనే ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిపిల్లల మీద చేసిన ట్రయల్ 2017లో సైన్స్ పత్రిక నేచర్‌లో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక రకాన్ని, దానికి మేతగా ఒక రకం చక్కెరతో కలిపి వారం రోజులు పట్టారు. రెండు నెలల్లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) గానీ మరణం గానీ మందు లేని ఉత్త పొడి పట్టినవాళ్లలో 9 శాతం, వీళ్లలో 5.4 శాతం. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి! అది చదివి నేనెంత సంతోషపడ్డానో. కానీ వాళ్లంతా కనీసం రెండు కిలోల బరువుతో పుట్టి తల్లిపాలు తాగుతున్న పిల్లలు, ఆ ఫలితం ప్రతి సాషేకీ వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ ఇద్దరికీ. బాబుకి ఆపేస్తా. మిగిలినవి మా నాన్నగారికి ఇవ్వొచ్చా, కీమో నడుస్తోంది, నీరసంగా ఉంటున్నారు.

జవాబు 2:
వద్దమ్మా, ఆయన్ని చూస్తున్న డాక్టర్‌ని అడగకుండా అస్సలు ఇవ్వకండి. తెల్లకణాలు పడిపోయినవాళ్లకి, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) ఉన్నవాళ్లకి ఆ మంచి బ్యాక్టీరియానే రక్తంలోకి వెళ్లి ఇన్ఫెక్షన్ అయిన కేసులున్నాయి, అరుదే కానీ ఉన్నాయి. ఈసారి చూపించడానికి వెళ్లినప్పుడు సాషే కవర్ కూడా పట్టుకెళ్లండి.