కోరింగ మడ అడవిలో కెమెరా ట్రాపులు: మార్చిలో సరిపోయిన ఎత్తు అక్టోబరులో ఎందుకు మునిగింది?

మడపాయ:
కోరింగలో బావురుపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి, ఫిషింగ్ క్యాట్) మీద ఎమ్మెస్సీ డిసర్టేషన్. ఆక్యుపెన్సీ (ఎన్ని చోట్ల పిల్లి ఉంటుందో అంచనా) చేయాలని ప్లాన్. 20 కెమెరాలు (జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసేవి), 90 రోజులు ఉన్నాయి. మార్చి పైలట్‌లో బురద నుంచి 50 సెం.మీ. ఎత్తున కట్టినవి ఒక్కటీ తడవలేదు. అక్టోబరులో అవే చెట్లకు అదే ఎత్తున 8 కడితే పౌర్ణమి మర్నాటికి 3 మునిగాయి. మిగతా వాటిలో కార్డు నాలుగో రోజుకే నిండింది, చూస్తే అన్నీ ఆకులూ నీళ్లే. కెమెరాలు ఒకేచోట ఉంచాలా, తిప్పాలా? గైడ్ గారేమో జంటలుగా పెట్టి పిల్లుల్ని లెక్కించమంటున్నారు.

పోటుపాటు:
తప్పు పౌర్ణమిది ఒక్కదానిదే కాదండీ. మన తీరంలో సముద్రమట్టమే ఏడాదిలో మారుతుంది: ఫిబ్రవరి-మార్చిలో బాగా కిందికి, అక్టోబరు-నవంబరులో పైకి. పైన గోదావరి వరద నీరు తోడైతే ఇంకాస్త. మార్చిలో కొలిచిన ఎత్తు మార్చికే పనికొస్తుంది.

ఎత్తు నేల నుంచి కాదు, పోటు గీత నుంచి కొలవండి. వెదురు కర్రకు సుద్ద దట్టంగా పూసి, వాన లేని రోజు చూసి చెట్టు పక్కన పాతండి. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు రోజుల దాకా ఉంచితే నీళ్లు తగిలినంత మేరా సుద్ద పోతుంది. ఆ గీతకు 30 సెం.మీ. పైన కెమెరా. అలా మీటరు దాటితే కెమెరాకూ చెట్టుకూ మధ్య పైభాగంలో పుల్ల దోపి, మూతిని కిందికి వంచి, 2.5 మీటర్ల దూరంలో నేల మీదికి గురి పెట్టండి. కట్టాక ముందు చేతులూ మోకాళ్ల మీద పాకి చూడండి. నిలబడి నడిస్తే సెన్సర్ పట్టినా పిల్లిని పట్టకపోవచ్చు.

మూత రబ్బరు రింగులో ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా తేమ లోపలికి వస్తుంది. తీసిన ప్రతిసారీ తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, సిలికా జెల్ పొట్లం మార్చండి. మునిగిన వాటికి వెంటనే బ్యాటరీలు తీసేయండి, ఆన్ చేసి చూడొద్దు.

గట్టుమీద:
కార్డు నిండడం సంగతి. సెన్సర్ జంతువును చూడదు, కదిలే వేడి తేడాను చూస్తుంది. ఎండకు కాగిన ఆకు గాలికి ఊగినా, నీటి మీద ఎండ మెరిసినా దానికి ఒకటే. ఉత్తరానికో దక్షిణానికో తిప్పి కట్టండి, నీరు ఫ్రేములో పడకుండా గట్టు దారికే గురి పెట్టండి. నీటి అంచున ఇంకో తంటా ఉంది: అప్పుడే నీళ్లలోంచి లేచిన నీటికుక్క ఒంటి మీది తడి వేడిని కప్పేస్తుంది, సెన్సర్ లేవదు. బావురుపిల్లికీ ఇదే వర్తిస్తుంది.

అడ్డొచ్చే కొమ్మల్ని నరకొద్దు, పురికొసతో పక్కకు కట్టండి. తిల్ల చెట్టైతే మరీ జాగ్రత్త, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

లెక్కలపీత:
డిజైన్‌కి వస్తే, తిప్పండి. 20 చొప్పున 3 విడతలు, విడతకు 25 రోజులు. 60 చోట్లవుతాయి, మార్చడానికి 15 రోజులు మిగులుతాయి. 5 రోజులను ఒక సందర్భంగా కలిపితే చోటుకు 5 సందర్భాలు. ఒక్కో సందర్భంలో పిల్లి కెమెరాలో పడే అవకాశం 0.3 అయితే, పిల్లి ఉన్నచోట కనీసం ఒక్కసారైనా పడే అవకాశం 83 శాతం, 0.2 అయితే 67 శాతమే. అందుకే 25 రోజులకు తగ్గించొద్దు.

చాలామంది పొరబడేది విడతలు విడగొట్టడంలో. మొదటి విడత అంతా కాలువ ఒడ్డు, రెండోది లోపలి మడ, మూడోది రొయ్యల చెరువుల గట్లు అని పెడితే, తేడా ఆవాసానిదో నెలదో ఏ మోడలూ చెప్పలేదు. ప్రతి విడతలో మూడూ ఉండాలి. చోట్ల మధ్య దూరం 1 కి.మీ. అయితే ఒకే పిల్లి రెండింటిలో పడొచ్చు, కాబట్టి రిపోర్టులో 'ఉనికి' అనకుండా 'వాడకం' అని రాయండి. ఎండుచేప ఎర కొన్నిచోట్ల పెట్టి కొన్నిచోట్ల మానొద్దు.

జంటల విషయం. పిల్లిని గుర్తుపట్టాలంటే పక్క మచ్చలు కావాలి, కుడివైపువి ఎడమవైపువాటితో కలవవు కాబట్టి ఎదురెదురుగా రెండు కెమెరాలు తప్పవు. 20తో 10 చోట్లే వస్తాయి. పైగా మీటరు పైనుంచి వంచి తీస్తే వీపే కనిపిస్తుంది. 20 కెమెరాలతో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు.

మడపాయ:
అర్థమైందండీ. గైడ్ గారికి వీపు సంగతి చెబుతాను. బురదలో గోళ్ల గుర్తులున్న అడుగులన్నీ నక్కవే అని రాసుకుంటున్నాను, సరైనదేనా?

గట్టుమీద:
కాదు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, మెత్తటి బురదలో కొనలు పడతాయి. అడుగులో వేళ్ల వెనక ఉండే పెద్ద మెత్త చూడండి: పిల్లిది వెడల్పుగా, వెనక అంచున మూడు గుండ్రాలుగా ఉంటుంది. అనుమానముంటే 'తెలియదు' అని రాయండి. పెంటిక (జంతువు మలం) సేకరించేటట్లయితే అనుమతి పత్రంలో ఆ మాట విడిగా ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే పర్మిట్‌లో మీరు కెమెరాలనే రాసి ఉంటే సవరణ అడగండి. చేప పొలుసులున్నంత మాత్రాన అది పిల్లిదే అనుకోవద్దు, నీటికుక్కదీ అలాగే ఉంటుంది. డీఎన్ఏ చూడక తప్పదు.