డాలస్‌లో నాన్నకి తెలుగు పేపర్, కబుర్లు ఎలా?

నాన్న ఆరు నెలలుండడానికి డాలస్ వచ్చారు. గుంటూరులో పొద్దున్నే పేపర్ని నాలుగు మడతలు పెట్టి, ముందు సినిమా పేజీ, తర్వాత రాజకీయాలు చదివి, పక్కింటి మాస్టారితో గంటసేపు వాదించే మనిషి. ఇక్కడ ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే సగం వాక్యం తెర దాటిపోతోంది, వేలితో జరిపి జరిపి విసిగి పక్కన పెట్టేస్తున్నారు. ఎండాకాలం కదా, ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి, అందుకే ఇండియాలో రాత్రి 8 గంటల టీవీ చర్చ ఇక్కడ ఉదయం 9:30కి వస్తుంది, అప్పటికి మేం ఆఫీసులో, ఆయనొక్కరే ఇంట్లో.

పేపర్‌ని ప్రింట్ తీసి ఇస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఏ సైజు కాగితం వాడుతున్నారు? అంతకంటే ముఖ్యంగా, ఆయనకి వాదించడానికి మనుషులు కావాలి. ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం ఉన్న పార్కుకి మన పెద్దవాళ్లు వస్తుంటే ఏ వేళకో చెప్పండి ప్లీజ్, నేనే తీసుకొస్తాను.