కేబుల్ మోడెం కొత్తగా పెట్టుకుంటున్నాను, ఏం చూసుకోవాలి?

ప్రశ్న: ఇంట్లోకి కేబుల్ ఇంటర్నెట్ తీసుకుంటున్నాను. ఇదివరకు ఫోను లైను మీద వచ్చే కనెక్షన్ ఉండేది. ఆ మోడెం దీనికి పనికొస్తుందా? రౌటర్ వేరే కొనాలా?

జవాబు: పాతది పనికిరాదండి. ఇక్కడ సంకేతం కోయాక్సియల్ కేబుల్‌లో, అంటే కేబుల్ టీవీకి వాడే గుండ్రటి తీగలో, వస్తుంది. మోడెం, రౌటర్ కలిసిన పెట్టెలు ఉన్నాయి కానీ విడివిడిగా కొనుక్కోవడమే మేలు; వైఫై పాతబడితే రౌటర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

మరో జవాబు: కొనే ముందు మీ ఇంటర్నెట్ సంస్థ ఆమోదించిన మోడళ్ల జాబితా తప్పకుండా చూడండి. డాక్సిస్ (కేబుల్ మీద ఇంటర్నెట్ నడిపే ప్రమాణం) 3.1 ఉన్నదే తీసుకోండి, 3.0 ప్రమాణం 2006 నాటిది. అందరూ మోడెం గురించే ఆలోచిస్తారు, నాకు మాత్రం స్ప్లిటర్ల (ఒక కేబుల్‌ను రెండు మూడు దారులుగా చీల్చే ముక్కల) మీదే అనుమానం. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెట్టినా ఒక్కో వైపుకు సంకేతం సగం కూడా చేరదు, దాదాపు 3.5 డెసిబెల్స్ పోతుంది. వీలైతే కేబుల్‌ను నేరుగా మోడెంకే బిగించండి. కనెక్టర్ వదులుగా ఉండకూడదు. తర్వాత మోడెం అడుగున అంటించిన కాగితం మీది మ్యాక్ చిరునామా (ఆ పరికరపు గుర్తింపు సంఖ్య) సంస్థకు చెప్పి నమోదు చేయించండి. మొదటిసారి దీపాలు చాలాసేపు మిణుకుమిణుకుమంటాయి, కంగారుపడి ఆపేయకండి.

ప్రశ్న వేసినవారు: టీవీ కోసం స్ప్లిటర్ తప్పదు. సంకేతం చాలుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: బ్రౌజర్‌లో 192.168.100.1 తెరవండి. చాలా మోడెంలలో ఆ పేజీ ఉంటుంది. డౌన్‌స్ట్రీమ్ పవర్ (మోడెంకు చేరే సంకేతం బలం) మైనస్ 7, ప్లస్ 7 మధ్య ఉంటే నిశ్చింతగా వాడుకోండి.