కారుమినుములో ‘కారు’ నలుపేనా?

సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చిన కూకట్‌పల్లి సభ్యురాలు ఒకరు మన మొక్కల గ్రూపులో మూడు ఫొటోలు పెట్టి అడిగారు: “ఇవన్నీ చిక్కుడు జాతి అడవి మొక్కలేనా? కంచె మీద అల్లుకున్న తీగని అక్కడి పెద్దాయన కారుమినుము అన్నారు. పువ్వు నల్లగా లేదు, కాయా నల్లగా లేదు. మరి కారు అని ఎందుకన్నట్టు?”

ముందు మాట సంగతి చూద్దామండీ. ఇక్కడ కారు అంటే అడవి. కారుమబ్బు, కారుచీకటి రోజూ వింటాం కాబట్టి కారు అనగానే మనకి నలుపే తోస్తుంది. కానీ కారుచిచ్చు ఉంది, కారెనుము ఉంది. కారుచిచ్చు అంటే అడవిలో రేగే మంట, కారెనుము అంటే అడవి దున్న. పైగా మినుములు ఎలాగూ నల్లటివే, వాటికి మళ్లీ నలుపని పేరు పెట్టాల్సిన అవసరం ఏ రైతుకీ ఉండదు. ఎవరూ విత్తకుండా కంచెల మీద దానంతట అదే పెరిగే మినుము కాబట్టి కారుమినుము.

“మా గుంటూరు వైపు పిల్లిపెసర అంటాం, అందులో పిల్లి మాటేమిటి?” అని కింద ఇంకొకరు అడిగారు. పిల్లిపెసరకే కారుపెసర అని ఇంకో పేరుందండీ. ఒకే మొక్కకి ఒకచోట పిల్లి, ఒకచోట కారు. అంటే పేరులో పిల్లి చేసే పని కూడా అదే: ఇది మనం వండుకునే పెసర కాదు, దాని అడవి చుట్టం అని చెప్పడం. అయితే ఇప్పుడు ఆ అడవి చుట్టమే చేలోకొచ్చింది. డెల్టాలో వరి కోశాక పశువుల మేతకీ, పచ్చిరొట్టకీ (పచ్చిగానే నేలలో కలియదున్నే ఎరువుకీ) పిల్లిపెసరని చల్లుతారు. జీలుగ, జనుము విత్తనాలతో పాటు దీని విత్తనాలూ అమ్ముతారు.

సంస్కృతంలో పిల్లిపెసర ముద్గపర్ణి, కారుమినుము మాషపర్ణి. ఆయుర్వేదం చెప్పే జీవనీయ గణం పది మూలికల్లో జంటగా కనిపిస్తాయి. ఆ పేర్లు ఆకు పోలికని బట్టి పెట్టినవి, పెసరాకు లాంటి ఆకు, మినుమాకు లాంటి ఆకు అని. పిల్లిపెసర విషయంలో నాకు అది అంతగా అతకలేదు. దాని ఆకు మూడు చిట్టి ఆకులుగా ఉంటుంది సరే, ఆ చిట్టి ఆకు ఒక్కొక్కటీ మళ్లీ మూడు పాయలుగా చీలి ఉంటుంది. పెసరాకు అలా ఉండదు. మన పేరు చుట్టరికం చెప్పి ఊరుకుంది, నాకు అదే నయమనిపిస్తుంది.

ఇక ఫొటోలు. మొదటిది కారుమినుమే. సన్నటి కాయ చివర చిన్న ముక్కు పైకి వంగి ఉంది చూశారా, అదే గుర్తు. పువ్వులు మరీ చిన్నవి, వాటికోసం ఫోన్ బాగా దగ్గరగా పెట్టాలి.

రెండో ఫొటోలో ఇసుక మీద పాకినవి ఒకటి కాదు, రెండు తీగలు. రెంటివీ గులాబీ రంగు పువ్వులే కాబట్టి కలిసిపోయాయి. ఆకు మేక గిట్టలా నడిమికి చీలి, తుంచితే పాలు కారేది బాలబంద తీగ. అది చిక్కుడు కుటుంబం కాదు. పక్కన మూడేసి దళసరి ఆకులున్నది మన తమ్మకాయ జాతి. గ్రూపులో దాన్ని ‘సముద్రపు చిక్కుడు’ అని రాశారు. దయచేసి అలా పుట్టించకండి. తమ్మకాయ, చమ్మకాయ అని కూర వండుకునే మాట ఇంట్లోనే ఉండగా ఇంగ్లీషు పేరుకి తర్జుమా ఎందుకు? నేనైతే అడవి తమ్మ అంటాను. కూర అన్నాను కదా అని ఈ అడవిదాని గింజలు మాత్రం తినకండి.

తమ్మ పువ్వుని చూడటం హైదరాబాద్‌లోనే నేర్చుకోవచ్చు. మన కాలనీ గోడల మీద శంఖుపుష్పం ఉంటుంది, పాత తెలుగులో దింటెన. మామూలు చిక్కుడు పువ్వుకి పెద్ద రేక జెండాలా వెనక నిలబడి ఉంటుంది. దాన్ని ధ్వజం అనే అంటారు. శంఖుపుష్పంలో పువ్వే తిరగబడి ఆ ధ్వజం కిందికి పరుచుకుంటుంది. తమ్మ పువ్వూ అంతే. జెండా పైన ఉంటుందని వెతికితే దొరకదు.

మూడో ఫొటోలోని ముళ్ల పొద గచ్చకాయ. పసుపు పువ్వు చిక్కుడు పువ్వులా లేదే అని సందేహించారు. ఈ కుటుంబంలో తంగేడు పువ్వు కూడా అలా ఉండదు కదా. కాయని చూడండి, ఒళ్లంతా ముళ్లున్నా అది చిక్కుడు కాయలాగే రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల బూడిద రంగులో నున్నటి గింజలు, ఆడపిల్లలు ఎగరేసి పట్టుకుని ఆడేవి. అవి ఉప్పునీటి మీద తేలతాయి కాబట్టే ఈ పొద ఇన్ని సముద్ర తీరాలకి పాకింది.

ఈసారి వెళ్లినప్పుడు పువ్వుతో పాటు కాయనీ, ఆకునీ విడివిడిగా తీయండి. ఆ పెద్దాయన చెప్పిన పేరు ఎలా పలికారో అలాగే, ఊరి పేరుతో సహా రాయండి. ఒకే జీలుగ పేరు రెండు వేర్వేరు మొక్కలకి వాడుకలో ఉంది, ఊరు చెప్పకపోతే ఏది ఏదో తేల్చలేం.