టెక్ షేర్ల టిప్స్ పంచుకోవడం చిన్న ఇన్వెస్టర్లకు మేలా, కీడా?

నిదానం:
సూటిగా అడుగుతున్నా. "ఫలానా చిప్ కంపెనీకి పెద్ద ఆర్డర్ వస్తోందట", "ఈసారి ఫలితాలు అదిరిపోతాయట" అని ఒకరికొకరు చెప్పుకుని షేర్లు కొనడం వల్ల మనకు ఒరిగిందేమిటి? నా లెక్కలో నష్టమే. వార్త మన చెవిన పడేసరికే ధరలో కలిసిపోయి ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ మెటా సంగతి చూడండి. ఫలితాలు ప్రకటించింది మార్కెట్ మూసేశాక. మర్నాడు ట్రేడింగ్ మొదలయ్యేసరికే షేరు 20 శాతానికి పైగా దిగి ఉంది, సాయంత్రానికి 26 శాతం పోయింది. తీరిగ్గా వార్త చదివి అమ్ముదామనుకున్నవాళ్లకి ఇంకేం మిగిలింది?

గ్రాఫ్‌గీత:
మీకు పనికొచ్చే ఉదాహరణే ఏరుకున్నారు నిదానం గారూ! నేను ఇంకోటి చెప్తా. చైనా వాళ్ల చౌక ఏఐ మోడల్ డీప్‌సీక్ ఆర్1 2025 జనవరి 20న విడుదలైంది. దాని పేపర్ కూడా ఎవరైనా చదువుకునేలా పెట్టేశారు. ఏఐ చిప్‌లు అమ్మే ఎన్విడియా షేరు, ఇక అన్ని చిప్‌లు అక్కర్లేదేమోనన్న భయంతో 17 శాతం పడిందెప్పుడు? 27న! ఒక్క రోజులో దాదాపు 59,000 కోట్ల డాలర్ల మార్కెట్ విలువ ఆవిరైంది. మధ్యలో వారం రోజులుంది. టెక్నాలజీ షేర్లలో ఆ వస్తువు వాడేవాళ్లకి, కోడ్ రాసేవాళ్లకి విషయం ముందే తెలిసే అవకాశం ఉంటుంది. వాళ్లు నలుగురితో చెప్పడం తప్పెలా అవుతుంది?

నిదానం:
వాళ్లకు తెలిసింది మోడల్ బాగుందని. దానివల్ల ఎన్విడియా పడుతుందని కాదు. ఏఐ చౌకైతే చిప్‌ల గిరాకీ ఇంకా పెరుగుతుందని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ షేరు అదే ఏడాది కోలుకుని పాత గరిష్ఠాన్ని దాటింది కూడా. 27న భయపడి అమ్మినవాళ్లు వార్తను సరిగ్గానే చదివారు, షేరునే తప్పుగా చదివారు.

పాతకాపు:
మీ ఇద్దరూ వార్త నిజమే అనుకుని కొట్టుకుంటున్నారు. అసలది అబద్ధమైతే?

2000 ఆగస్టు 25న ఎమ్యులెక్స్ అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మీద ఒక పత్రికా ప్రకటన వచ్చింది. సీఈఓ రాజీనామా చేశాడని, లెక్కలు మళ్లీ సవరిస్తున్నారని, ఎస్‌ఈసీ (అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) విచారణ మొదలైందని. అన్నీ కల్లబొల్లి మాటలే. రాసినవాడు 23 ఏళ్ల కుర్రాడు, అంతకుముందు ఆ ప్రకటనలు పంపే సంస్థలోనే పనిచేశాడు. ఆ షేరును షార్ట్ చేసి (అంటే ధర పడుతుందని అరువు తెచ్చిన షేర్లు ముందే అమ్మి) నష్టాల్లో ఇరుక్కుని, దాన్ని పడగొట్టడానికే ఇదంతా చేశాడు. పేరున్న వార్తాసంస్థలే నమ్మి ప్రసారం చేస్తే మనమెంత! నిమిషాల్లో షేరు 60 శాతం పడింది. నాస్‌డాక్ ఎక్స్ఛేంజ్ ట్రేడింగ్ ఆపాక అసలు విషయం తేలి, ఆ రోజే చాలావరకు తిరిగి పెరిగింది. కానీ ఆ మధ్యలో స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే దానంతటదే అమ్మేసే ఆర్డర్) తగిలి అమ్ముడుపోయినవాళ్ల డబ్బు ఎవరిస్తారు?

అబద్ధం కూడా అక్కర్లేదు, తొందర చాలు. 2020లో అందరూ జూమ్ కాల్స్ మీద పడ్డప్పుడు, జూమ్ అనే టిక్కర్ (మార్కెట్లో షేరుకుండే పొట్టి పేరు) ఉన్న ఏ సంబంధమూ లేని ఇంకో కంపెనీ షేర్లు ఎగబడి కొన్నారు. అసలు కంపెనీ టిక్కర్ జెడ్‌ఎమ్. చివరికి మార్చిలో ఎస్‌ఈసీ ఆ షేరు ట్రేడింగే కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది.

రవ్వంత:
"ఇది ఆ జూమ్ కాదు బాబూ" అని ఎవరో ఒకరు చెప్పేది కూడా నలుగురు మాట్లాడుకునే చోటే కదండీ. ఒంటరిగా కూర్చుంటే అదీ ఉండదు.

నిదానం:
చెప్పినా వినేదెవరు? బార్బర్, ఓడియన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు అమెరికాలో ఒక బ్రోకర్ దగ్గరున్న 66,465 కుటుంబాల ఖాతాలు పరిశీలించారు, 1991 నుంచి 1996 వరకు. అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం వచ్చింది. మార్కెట్ ఇచ్చింది 17.9. రోజుకో టిప్ అంటే రోజుకో ట్రేడే.

గ్రాఫ్‌గీత:
ఆ పేపర్ పూర్తిగా చదవండి. ఖర్చులు తీయకముందు వాళ్ల రాబడికీ మిగతావాళ్ల రాబడికీ పెద్ద తేడా లేదు. కమిషన్లే తినేశాయి. ఇప్పుడు చాలాచోట్ల కమిషన్ సున్నా.

పాతకాపు:
ఇది ఒప్పుకోవాల్సిన పాయింటే. కానీ కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా సున్నా కాలేదు. పన్నూ కాలేదు. చిన్న టెక్ షేర్లలో ఆ తేడానే వాచిపోయేంత ఉంటుంది.

నేను టిప్స్ వద్దనను. టిప్ అంటే కంపెనీ కాగితం తెరవడానికి ఒక సాకు, అంతే. 2000 అక్టోబరులో రెగ్యులేషన్ ఎఫ్‌డీ వచ్చాక అమెరికా కంపెనీలు ముఖ్యమైన సంగతులు ముందు పెద్ద విశ్లేషకుల చెవిలో ఊదడం కుదరదు. అందరికీ ఒకేసారి చెప్పాలి. కీలక పరిణామాలు చాలావరకు 8-కె అనే ఫారంలో నాలుగు పనిదినాల్లోపు ఎస్‌ఈసీ దగ్గర పెట్టాలి. అన్నీ ఉచితం. చదివేవాళ్లే లేరు.

రవ్వంత:
అయితే ఇది చెప్పండి. నేను కొన్న క్లౌడ్ కంపెనీ సీఈఓ నిన్న బోలెడు షేర్లు వదిలించుకున్నాడని ఒకటే గోల. కంపెనీ పెద్దలు తమ షేర్ల లావాదేవీలు ఎస్‌ఈసీకి చెప్పే ఫారం 4 కూడా చూశా, నిజమే. అమ్మేయనా?

పాతకాపు:
లావాదేవీ కోడ్ ఏముంది?

రవ్వంత:
ఎఫ్ అని ఉంది.

పాతకాపు:
ఎఫ్ అంటే జీతం కింద వచ్చిన షేర్ల మీద పన్ను కోసం కంపెనీయే కొన్ని పట్టుకోవడం. ఆయన మార్కెట్లో అమ్మింది ఏమీ లేదు. ఎస్ ఉంటే అమ్మకం. అప్పుడు కూడా కింద నోట్‌లో 10బీ5-1 ప్లాన్ అని ఉందేమో చూడండి, ఉంటే నెలల ముందే రాసిపెట్టుకున్న అమ్మకం అది. పీ ఉంటే మాత్రం సొంత డబ్బుతో మార్కెట్లో కొన్నట్టు. అలాంటిది కనిపిస్తే నాకూ చెప్పండి.

గ్రాఫ్‌గీత:
చూశారా నిదానం గారూ, పాతకాపు గారే టిప్ అడుగుతున్నారు!